అంగిట్లో నిప్పు

మా అత్త అన్నం సరిగ్గా తినడం లేదని ఇంట్లో ఖాయమైన పొద్దున్న మేం చేసిన మొదటి పని, ఆవిడ చెయ్యి చాపించి రక్తం తీయించడం. వేరే ఊళ్ళలో అయితే ఏం చేస్తారో నాకు తెలీదు. నాలిక చూస్తారేమో, పొట్ట నొక్కుతారేమో, వంట బాలేదేమోనని కోడల్ని అనుమానిస్తారేమో. మా ఉద్దానంలో మనిషికి తిండి సయించకపోయినా, కాళ్ళు బరువెక్కినా, నోరు వాసనొచ్చినా ఒకటే మాట: క్రియాటినిన్ చూపించండి. చదువురాని ముసలాళ్ళకి కూడా ఆ మాట తడబడకుండా వచ్చేస్తుంది. మా వీధిలో డయాలసిస్ గొడవ లేని ఇల్లు వెతుక్కోవాలి. అందుకని మా భయమంతా నడుం వెనకాల, కిడ్నీల దగ్గరే ఉంటుంది. నోటిని చూసి భయపడాలని మాకెవరూ చెప్పలేదు.

అత్త నాకు పరాయి మనిషి కాదు. మా నాన్నకి సొంత అక్క. ఆవిడ కొడుకునే చేసుకున్నాను, పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా ఆయన్ని బావా అనే పిలుస్తాను. లంగా కట్టుకునే రోజుల నుంచీ ఆవిడ తిట్లు నాకు అలవాటే. తినడం, తిట్టడం, చుట్ట కాల్చడం, ఈ మూడు పనులతో ఆవిడ నోటికి తీరిక ఉండేది కాదు. చద్దన్నంతో పచ్చి ఉల్లిపాయ కొరికితే ఆ చప్పుడు వీధిలోకి వినబడేది. ఎండు నెత్తళ్ళ చేపలు కాలిస్తే నా వరకూ రానిచ్చేది కాదు. అడిగితే, "నీకింకా వయసున్నాదే గుంటా, ఎల్లకాలం తింతావు. నన్ను తిన్నీ" అనేది.

చుట్ట అంటే మీరనుకునే చుట్ట కాదు. వెలిగించిన కొస నోటి లోపలికి, ఆరిన కొస బయటికి. అడ్డపొగ అంటారు. మా వైపు ఆడవాళ్ళ అలవాటు ఇది. జీడితోటలో సముద్రం గాలికి మామూలుగా పట్టుకున్న చుట్ట నిలవదు. నిప్పు నోట్లో ఉంటే ఆరదు, చంకలో పిల్ల మీద బూడిద రాలదు, జీడిపిక్కలు ఏరడానికి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అత్త వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. ఆవిడ వాళ్ళత్త దగ్గర. నిప్పుని నోట్లో పెట్టుకునే మాటాడేవాళ్ళు, నవ్వేవాళ్ళు, నట్టింట్లో పోట్లాడేవాళ్ళు. నేను కొత్తగా కాపరానికొచ్చినప్పుడు అత్త నాకూ ఒకటి ఇచ్చి చూసింది. నాలిక చుర్రుమంటే ఉమ్మేశాను. "సుకపడే రాత నేదు నీకు" అని నా మీద జాలిపడింది.

అలా కాల్చిన వాళ్ళ అంగిలి తెల్లగా మొద్దుబారుతుంది. మధ్యలో ఎర్రెర్రని చుక్కలు లేస్తాయి. దాన్ని మా ఊళ్ళో చుట్ట మచ్చ అంటారు. పార పట్టిన చేతికి కాయ కాస్తుంది కదా, అలాగే అనుకుంటారు. ప్రతి ముసలమ్మకీ ఉండేదే, అదొక రోగమని చెప్తే నవ్వుతారు.

అత్త పళ్ళు ఒక్కొక్కటే కదిలి ఊడిపోయాయి. నొప్పెడితే లవంగం నొక్కుకునేది. చీము పడితే ఉప్పునీళ్ళు పుక్కిలించి, బుగ్గ వాచిన మొహంతోనే తోటకి పోయేది. పలాసలో పళ్ళ డాక్టరు దగ్గరికి పోదాం రమ్మంటే, "పన్ను పీకడానికి డాక్టరేటి? నా సేతికి ఏళ్ళు నేవేటి?" అని, నిజంగానే ఊగుతున్న పన్ను రెండు వేళ్ళతో పట్టి లాగేసేది. ఆఖరి పన్ను కూడా పోయిన రోజు ఎంత సంబరపడిందో. "పీడా పోనాది. ఇంక నా నోటికి ఏ రోగవూ రాదు" అంది. మేం కూడా తలూపాం. పళ్ళే లేని నోటికి రోగం ఏముంటుంది అనుకున్నాం. ఎంత గుడ్డితనం! పళ్ళు పోతే నోరు పోతుందా? చిగుళ్ళున్నాయి, నాలిక ఉంది, అంగిలి ఉంది, అన్నం దిగే దారి ఉంది.

బావ ఆవిడని టెక్కలి తీసుకెళ్ళి పళ్ళు కట్టే మనిషి దగ్గర సెట్టు కట్టించాడు. ఆ మనిషి డాక్టరు కాదు, కొలత తీసుకుని పళ్ళు కట్టిస్తాడంతే. అంగిట్లో ఏముందో ఆయన చూడలేదు, చూసినా చుట్ట మచ్చే అనుకుని ఉంటాడు. పైసెట్టు అంగిలి మొత్తం కప్పేసింది. ఓలమ్మో, ఆ సెట్టు పెట్టుకున్నాక అత్త ఠీవి చూడాలి! సెట్టు లేకుండా కొడుక్కి కూడా కనబడేది కాదు. పెట్టుకునే తినేది, పెట్టుకునే పడుకునేది. తీసేది చుట్టకి మాత్రమే. నిప్పు తగిలితే సెట్టు వంకరపోతుందని ఆ పళ్ళాయన చెప్పిన మాట ఒక్కటే బుర్రకెక్కింది. పెరట్లో కొబ్బరి డొక్కల కుప్ప వెనక్కి పోయి, సెట్టు కొంగున కట్టుకుని, చుట్ట కాల్చి, మళ్ళీ పళ్ళు పెట్టుకుని మహారాణిలా వచ్చేది. తోముకోమని చెప్తే, "అయి పళ్ళు కావే, ప్లాస్టిక్కు. పుచ్చిపోతాయేటి?" అనేది.

అటువంటి మనిషి కంచం ముందు కూర్చుని అన్నం కెలకడం మొదలెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, నీళ్ళు తాగి లేచిపోయేది. దగ్గరికెళ్తే నోరు ఒకటే కంపు. ఇంకేముంది, నాకు గుండె జారిపోయింది. తిండి పోవడం, నోరు వాసన రావడం, మనిషి చిక్కిపోవడం, కిడ్నీ పోయిన వాళ్ళ ఇళ్ళలో ఇవన్నీ చూసినవే. చిన్నత్త, అంటే అత్త సొంత చెల్లెలు, పక్కింట్లోనే ఉంటుంది. ఆవిడ భర్త డయాలసిస్ మీదే పోయాడు. అత్తని చూసి గుమ్మంలోనే కూలబడి ఏడుపు లంకించుకుంది.

పలాసలో రక్తం ఇచ్చొచ్చాం. సాయంత్రం బావ రోడ్డు మీంచే కేకేసుకుంటూ వచ్చాడు. "అమ్మా! బాగున్నాదే! కిడ్నీ బెమ్మాండంగా ఉన్నాది!" చిన్నత్త అక్కని పట్టుకుని ఊగిపోయింది. వీధిలో వాళ్ళంతా వచ్చి అదృష్టవంతురాలివన్నారు. మర్నాడు బావ మాంసం తెచ్చాడు. నేను మెత్తగా ఉడికించి, ఎముకలు ఏరేసి, అత్తకి ముందు పెట్టాను. ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. కళ్ళంట నీళ్ళొచ్చాయి. ముక్క చేతిలోకి తీసేసి, "మింగుడు పడడం నేదే" అంది. మేం నవ్వేశాం. కిడ్నీ బాగున్న మనిషికి మింగుడు పడకపోవడం ఏంటని! ఆ రోజు మా ఇంట్లో అందరం కడుపునిండా తిన్నాం, అత్త తప్ప.

తర్వాత సెట్టు బిగుసుకుంటోందని గోల మొదలెట్టింది. పైన ఒరుసుకుంటోందట, మండుతోందట. బావ మళ్ళీ టెక్కలి తీసుకెళ్ళాడు. పళ్ళు కట్టే ఆయన సెట్టు తీసి, లోపలి పక్క అరగదీసి ఇచ్చాడు. కొన్నాళ్ళు హాయిగా ఉందంది. మళ్ళీ బిగిసింది. మళ్ళీ అరగదీశాడు. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. లోపల పెరుగుతున్నదానికి చోటు చేసి పంపించాడు ఆయన, మేం ఆయనకి దండం పెట్టి వచ్చాం.

అన్నం పోయి సోడి అంబలి, అంటే రాగిజావ మీదకొచ్చింది. అంబలి కూడా వేడి తగిలితే ఉలిక్కిపడేది. జాకెట్లు వదులైపోయాయి. మళ్ళీ రక్తం తీయించాం, మళ్ళీ బాగుందన్నారు. అప్పుడు ఎవరి వైద్యం వాళ్ళు చెప్పారు. గ్యాసన్నారు, దిష్టన్నారు, ముసలితనం అన్నారు. ముసలితనం! ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ముసలాళ్ళకి నొప్పి పుట్టినా ముసలితనమే, నోరు ఎండిపోయినా ముసలితనమే, తిండి మానేసినా ముసలితనమే. ఆ ఒక్క మాట అనేస్తే ఇంక ఎవరూ లేచి చూడక్కర్లేదు.

ఒకరోజు అత్తకి జ్వరం తగిలింది. మగతలో సెట్టు జారి దిండు మీద పడింది. కడుగుదామని తీస్తే లోపలి పక్క నెత్తురు, చీము, ఏదో కుళ్ళిన జిగట. అత్తని లేపి, ఫోన్ టార్చి వేసి, "నోరు తెరువు" అన్నాను.

"నా నోట్లో నీకేటి పనే?"

"తెరువత్తా."

"సిగ్గు నేదేటే నీకు? నోట్లో సెయ్యెట్టి సూత్తావా, పశువుని సూసినట్టు?"

"పశువైతే ఎప్పుడో చూసుందుము! పళ్ళు చూసే కదా ఎద్దుని కొంటారు. నిన్నే ఎవడూ చూడలేదు. తెరువు!"

నేనలా అరవడం ఆవిడెప్పుడూ వినలేదు. బిత్తరపోయి తెరిచింది. అంగిట్లో ఒక పక్క గుంట పడి ఉంది. అంచులు పువ్వు విచ్చినట్టు పైకి లేచి ఉన్నాయి. నేను నోరు మూసుకుని బయటికొచ్చి గోడకి ఆనుకున్నాను. చిన్నత్త వచ్చి తనూ తొంగి చూసింది. చూసి ఏమందో తెలుసా? "అది సుట్ట మచ్చే గదేటి. కూసింత రేగింది. నాకునూ ఉన్నాది, ఇదిగో" అని తన నోరు తెరిచి చూపించింది. ఉంది, నిజమే. తెల్లగా, మొద్దుగా, ఎర్ర చుక్కలతో. "ఈ ఊర్లో ఏ ముసల్దానికి నేదో సెప్పు" అంది.

పలాసలో పళ్ళ డాక్టరు అత్త నోట్లోకి చూసి, చేతి తొడుగులు విప్పేశాడు. తర్వాత బావని కాదు, నన్ను అడిగాడు. "ఈ పుండు ఎప్పట్నుంచి ఉందమ్మా?" నాకేం తెలుసు! సెట్టు వెనకాల ఉన్నది ఎవరికి తెలుసు? నోట్లో ఏ పుండయినా రెండు మూడు వారాల్లో మానకపోతే వెంటనే చూపించుకోవాలని, పళ్ళు లేని వాళ్ళు కూడా ఏడాదికోసారైనా నోరు చూపించుకోవాలని, సెట్టు రోజూ తీసి తోమి రాత్రి నీళ్ళలో వెయ్యాలని ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఆ మాటలు మాకు ముందే తెలిసుంటే అనుకుంటూ, ఆయన రాసిచ్చిన కాగితం పట్టుకుని విశాఖ బస్సెక్కాం.

విశాఖలో ముక్క తీసి పరీక్షకి పంపించారు. కేన్సరే. అంగిలి కోసేయాలన్నారు. పెద్ద సర్జను కాగితాలు తిరగేసి, "కిడ్నీలు చాలా బాగున్నాయి, ఆపరేషన్‌కి తట్టుకుంటారు" అన్నాడు. బావ నా మొహం చూశాడు, నేను బావ మొహం చూశాను. ఏడవాలో నవ్వాలో తెలీలేదు.

అత్త ఒక్కటే అడిగింది. "కోసీసినాక నాను అన్నం మింగగలనేటి బాబూ?"

"నోటికీ ముక్కుకీ మధ్య కన్నం పడుతుందమ్మా. దాన్ని మూసే ప్లేటు చేసిస్తాం. అది పెట్టుకుంటే మెత్తటి అన్నం తినగలరు."

"అయితే కోసీండి" అంది. బతుకుతానా అని అడగలేదు. ఎన్నాళ్ళు అని అడగలేదు. ఆవిడకి కావాల్సింది ఒక్క ముద్ద గొంతు దిగడం.

ఆపరేషన్ అయ్యాక ఇంటికొచ్చింది మా అత్తే, కానీ ఆ గొంతు ఆవిడది కాదు. ప్లేటు లేకపోతే మాటంతా ముక్కులోంచి వచ్చేది, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నీళ్ళు తాగితే ముక్కులోంచి కారేవి. జీడితోటంతా దద్దరిల్లేలా తిట్టిన మనిషి చేత్తో సైగలు చేసేది. ప్లేటు తీయడం, మెత్తటి బ్రష్‌తో తోమడం, ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళతో నోరు కడగడం, కన్నంలో ఇరుక్కున్న మెతుకు తీయడం, అన్నీ నేనే నేర్చుకున్నాను. మొదట్లో నా చెయ్యి నోటి దగ్గరికి రాగానే కళ్ళు గట్టిగా మూసుకునేది. సిగ్గు. సెట్టు లేకుండా ఎవరికీ కనబడని మనిషి కదా. తర్వాత్తర్వాత ఆవిడే టార్చి నా చేతికిచ్చి, ముక్కుతోనే ఏదో సణిగేది. తిడుతోందని నాకు అర్థమయ్యేది. ప్రాణం లేచొచ్చేది.

ఒక మధ్యాన్నం చేపల పులుసులో అన్నం మెత్తగా పిసికి పెట్టాను. ప్లేటు సర్దుకుని మింగింది. ఇంకో ముద్ద. ఇంకోటి. కంచం తుడిచేసింది. బావ లేచి బయటికి పోయాడు. కొడుకు ఏడుపు తల్లి చూడకూడదని.

ఆ కొన్నాళ్ళూ అరుగు మీద చేరిన ముసలమ్మలందరికీ నేను చెప్పని రోజు లేదు. చుట్ట మానండి, నోరు తెరవండి, మచ్చ మీద పుండు లేస్తే దాచకండి, సెట్టు పెట్టుకుని పడుకోకండి అని. "నీ మొగుడు డాక్టరేటే?" అని నవ్వేవాళ్ళు. చిన్నత్త మాత్రం ఒకరోజు మాటాడకుండా నాతో పలాస వచ్చి చూపించుకుంది. ఆవిడది ఇంకా మచ్చే, పుండు కాలేదన్నారు. చుట్ట మానేస్తానని ఒట్టేసింది. మానేసిందా అంటే, సగం.

తర్వాత అత్త మెడ పక్కన గడ్డ తేలింది. విశాఖలో చూసి ఇంటికి తీసుకెళ్ళిపోమన్నారు. మంచం పట్టింది. ఆఖరి మధ్యాన్నం ఊపిరి తేడాగా వస్తోందని పెద్దవాళ్ళంతా వచ్చి, మంచం మీంచి కింద చాప మీదకి దించారు. మెళ్ళో గొలుసు తీశారు, ముక్కుపుడక తీశారు. నేను నీళ్ళు కాచడానికి లోపలికెళ్ళేసరికి ఎవరో నోట్లో ప్లేటు కూడా తీసేశారు. పోయే మనిషి నోట్లో ప్లాస్టిక్కు ఉండకూడదట.

బావ తులసాకు వేసిన నీళ్ళు చెంచాతో పోశాడు. నీళ్ళు ముక్కులోంచి బయటికొచ్చేశాయి. అత్త ఉక్కిరిబిక్కిరై దగ్గింది. మళ్ళీ పోశాడు. మళ్ళీ ముక్కులోంచే. చుట్టూ గుసగుసలు లేచాయి. చిన్నత్త గుండెలు బాదుకుంది. "నీల్లు దిగడం నేదే! ఏ కోరిక మిగిలిపోనాదే అక్కా! మనసులో ఏటున్నాదో సెప్పేవు కాదు!" అందరూ అదే అందుకున్నారు. దూరాన కాపరం చేస్తున్న కూతుర్ని చూడాలని ఉందేమో అని ఒకరు, తోట మీద బెంగేమో అని ఇంకొకరు. బావ మళ్ళీ చెంచా ముంచాడు.

"కోరికా లేదు, గాడిద గుడ్డూ లేదు!" అని అరిచాను. చావింట్లో అలా అరవకూడదని నాకూ తెలుసు. "కన్నం! అంగిట్లో కన్నం ఉంది ఆవిడకి! ప్లేటెక్కడ?"

చిన్నత్త భయపడి కిటికీ వైపు చూపించింది. కాగితంలో చుట్టి పెట్టారు, పారేయడానికి. తీసి కడిగాను. అత్త తల నా ఒళ్ళోకి తీసుకున్నాను. పెదాలు ఎండి అతుక్కుపోయి ఉన్నాయి, తడి గుడ్డతో తుడిచాను. "అత్తా, నేనే" అన్నాను. పళ్ళు లేని నోరు నెమ్మదిగా తెరుచుకుంది. రోజూ పెట్టినట్టే ప్లేటు పెట్టి, వేలితో నొక్కి, సర్దాను. కొంచెం తల ఎత్తి పట్టుకుని, "పొయ్యి బావా" అన్నాను.

బావ పోశాడు. గొంతు కదిలింది. ముక్కులోంచి చుక్క రాలేదు. అందరూ చూస్తుండగా అత్త కళ్ళు తెరవకుండానే, ఇంకో చెంచాకి నోరు తెరిచింది.